ఓడ దిగంగనే ఇసుక

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మా గల్లీలో తిట్టే నోరు నాది. తిరగాలని కొట్టుకున్న కాలు జైతున్ బీది. పాపం, ఆ కాలు మల్కాజ్‌గిరి దాటింది తక్కువ. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం నాకు అలవాటు. సికింద్రాబాద్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్లో ముప్ఫై ఏళ్లు కూర్చుని జనాన్ని కసిరినదాన్ని. రిటైరయ్యాక కసరడానికి ఈ గల్లీ మిగిలింది.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. దాచడం నా వల్ల కాదు. అసలు ఈ దాచడాలంటేనే నాకు ఒళ్లు మంట. జైతున్‌కి వచ్చింది క్యాన్సర్, క్లోమంలో. ఫిబ్రవరిలో డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మొగుణ్ణి లోపలికి పిలిచాడు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందనీ, ఇంకో నాలుగైదు నెలలు ఉంటే గొప్పేననీ ఆయనకు చెప్పాడు. రోగం ఆమెది, వినాల్సింది మాత్రం మొగుడు! మన దగ్గర అంతే కదా. చాంద్‌పాషా బయటికొచ్చి పెళ్లానికి అల్సర్ అని చెప్పాడు. కూతురు షాగుఫ్తాకు మాత్రం నిజం చెప్పి, తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

నాకూ అల్సర్ అనే చెప్పారు. ఎదురింట్లో ఉండి పొద్దున్నే ఆ ఇంటి చాయ్ తాగే నాకు! ఎందుకంటే ఈ లీలాకుమారి నోట్లో నువ్వుగింజ నానదట. నిజం తెలిసేసరికి మే నెల ఆఖరైంది. అప్పటికి చేయాల్సిన తప్పంతా నా చేతనే చేయించారు. ఆ కోపం ఇంకా పోలేదు, పోతుందన్న నమ్మకం కూడా లేదు.

జైతున్ పుట్టింది భువనగిరిలో. వాళ్లది తరతరాలుగా దూది ఏకే కుటుంబం. పదిహేడేళ్లకే చాంద్‌పాషాను చేసుకుని మల్కాజ్‌గిరి వచ్చింది. ఇంటి ముందు గదిలోనే వాళ్ల పరుపుల దుకాణం. దూది ఏకే మిషన్ ఆయనది, దబ్బనం ఆమెది. వెనక వరండాలో పరుపు మీదికెక్కి, మోకాలితో అదిమిపట్టి, దబ్బనం దించి దారం లాగిందంటే ఆ కుట్టు మళ్లీ ఊడేది కాదు. ఆమె కుట్టిన పరుపు గడ్డలు కట్టదని పేరు. మా చుట్టుపక్కల సగంమంది ఆమె పరుపుల మీదే పడుకున్నారు, పిల్లల్ని కన్నారు, కొందరు వాటి మీదే పోయారు. మా అమ్మ మంచానపడ్డ రెండేళ్లూ జైతున్ నెలకోసారి వచ్చేది. పరుపు విప్పి, దూది ఎండబెట్టి, మళ్లీ కుట్టి పోయేది. ఎందుకమ్మా ఇంత శ్రమ అని నేను గొణిగితే, "అమ్మ వీపుకు పుండ్లయితయి లీలక్కా. నువ్వు జెర ఊకో" అనేది. ఈ భూమ్మీద నన్ను ఊరుకోమన్న మనిషి ఆమె ఒక్కతే, నేను ఊరుకున్నది కూడా ఆమె మాటకే.

సముద్రం పిచ్చి ఆమెకు వాళ్ల దాదీ అంటించింది. ఆ దాదీ ఎప్పుడో వెనకటి రోజుల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కి పోయొచ్చిందట. కాబా గురించి ఎంత చెప్పేదో ఓడ గురించీ అంతే చెప్పేదట. "ఓడ దిగంగనే ఇసుకనే బిడ్డా. చెప్పులు చేతవట్టుకున్న. కాళ్లు సల్లగైనయి" అని మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేదట. ఓడరేవులో ఓడ దిగగానే ఇసుక ఎక్కడుంటుంది, అక్కడ సిమెంటూ క్రేన్లూ ఉంటాయి అని నేను వాదించేదాన్ని. జైతున్ వినేది కాదు. చెప్పులు చేతిలో పట్టుకుని ఓడ మెట్లు దిగి, నేరుగా ఇసుకలో కాలు పెట్టాలి. అదీ ఆమె కోరిక. బాపట్ల పోదాం రా, రైలెక్కితే తెల్లారేసరికి సముద్రం అని ఎన్నోసార్లు పిలిచాను. "రైలుల పోతే అది బాపట్ల అయితది గని ఓడ అయితదా?" అనేది. మొండిఘటం.

ఆరేళ్ల కిందట చుట్టాల గుంపుతో మక్కాకు, ఉమ్రా యాత్రకు పోయొచ్చారు, విమానంలో. సముద్రం చూశావా అని అడిగాను.

"ఏం సముద్రం లీలక్కా! రెక్క మీద సీటిచ్చిండ్రు. పోయేటప్పుడు రెక్కనే, వచ్చేటప్పుడు రెక్కనే."

పడీపడీ నవ్వాను. కిటికీ సీటు ఎట్లా అడగాలో నన్ను అడిగి పోవద్దా అని తిట్టాను కూడా.

ఈ ఏడు రంజాన్‌కి ఆమె రోజా ఉండలేకపోయింది. మందులు వేసుకోవాలి, అల్సర్‌కి ఖాళీ కడుపు పనికిరాదు అని మొగుడు బతిమాలాడు. ఊహ తెలిశాక ఒక్క రంజాన్ వదలని మనిషి, దొంగతనం చేసినదానిలా వంటింట్లో గోడవైపు తిరిగి గంజి తాగేది. "బీమారీ తగ్గినంక బాకీ రోజాలన్నీ ఉంట" అని తనకు తానే చెప్పుకునేది.

పండగ మర్నాడు చాంద్‌పాషా షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. గిన్నె ఇచ్చి పోకుండా నిలబడ్డాడు. తలలో, కనుబొమల్లో ఎప్పటిలాగే దూది పీచు.

"అక్కా, ఓడ టికెట్ ఎట్ల చేస్తరో మీకెరికెనా? జైతును ఒకపారి ఓడ ఎక్కిద్దామని..."

ఆశ్చర్యపోయాను. తమ్ముడి పెళ్లికి కూడా మధ్యాహ్నం దాకా దుకాణం తెరిచి ఉంచిన మనిషి ఈయన.

"ఏంది భాయ్, ముసలితనంల హనీమూనా?" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కానీ ఆ రోజు నాకేం తెలుసు? సంబరపడిపోయాను. టికెట్ల పని అంటే నాకు ప్రాణం లేచొస్తుంది. ప్యారడైజ్ దగ్గరున్న ఒక ట్రావెల్ ఆఫీసుకు ఫోన్ చేసి, అక్కడి పిల్ల ప్రాణం తోడేశాను. ఏ ఓడ ఎక్కడ ఆగుతుంది, ఆగినచోట సముద్రపు ఒడ్డు ఎంత దూరం, నడవొచ్చా, బస్సెక్కాలా, ఇసుక మంచిదేనా, రాళ్లున్నాయా. "మేడం, అందరూ ఓడలో రూమెట్లుంది, ఫుడ్ ఎట్లుంది అని అడుగుతరు. మీరొక్కరే బీచ్ గురించి అడుగుతున్రు" అంది. అడుగుతాం మరి. మా జైతున్‌కి కావలసింది రూమా?

చివరికి రెండు తేలాయి. రెండూ చెన్నైలో ఎక్కేవే, రెండూ శ్రీలంక పోయి వచ్చేవే. ఒకటి ఏప్రిల్ ఆఖరులో ఉంది. అది ఆగేది సరుకుల రేవులో. అక్కణ్ణుంచి ఇసుక చూడాలంటే గంటసేపు బస్సులో కూర్చోవాలి. రెండోది జూన్‌లో, బక్రీద్ దాటాక. అది ఆగే ఊళ్లో రేవు గేటు దాటి కొంచెం నడిస్తే చాలు, తెల్లటి ఇసుక, లోతులేని నీళ్లు. ట్రావెల్ పిల్ల ఫొటోలు కూడా పంపింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో కూర్చుని తేల్చుకున్నాం. జైతున్ తఖ్తా బల్ల మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. అప్పటికే బాగా చిక్కిపోయింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. షాగుఫ్తా తన ఫోన్లో ఫొటోలు తల్లికి చూపిస్తోంది. చాంద్‌పాషా గుమ్మంలో నిలబడ్డాడు.

జైతున్ ఫోన్ దగ్గరికి తీసుకుని చూసి ఒకటే అడిగింది. "ఓడ దిగంగనే ఇసుక ఉంటదా లీలక్కా?"

"దిగంగనే అంటే దిగంగనే కాదే తల్లీ. మీ గడప నుంచి స్టేషన్ రోడ్డు మలుపు ఎంత దూరమో అంత. అది రెండోదాంట్ల. ముందుదాంట్ల అయితే బస్సుల గంటసేపు కుదుపులే."

"ముందటిదే పోదాం" అన్నాడు చాంద్‌పాషా గుమ్మంలోంచి. "ఎందుకు ఆగుడు?"

నేను ఊరుకుంటానా! "మీరు దూది సంగతి చూసుకోండ్రి భాయ్, టికెట్ల సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి. అల్సర్ మనిషిని బస్సుల కుదిపి తీస్కపోతరా? రెండు నెలలు ఆగితే ఇసుక కాళ్ల కాడికే వస్తది. తొందరపడి వెయిటింగ్ లిస్టు కొనుడు, ఆఖరికి బాత్రూం పక్కన నిలబడి పోవుడు, ఇసుంటోళ్లను ఎంతమందిని చూసిన్నో!"

ముప్ఫై ఏళ్లు జనానికి నేను చెప్పిన పాఠం అది. ఆగండి, కన్ఫర్మ్ అయిన లోయర్ బెర్త్ దొరికే రోజు చూసుకుని పోండి. ఒక్కసారి కూడా తప్పుకాని పాఠం.

"ఆయన గట్లనే అంటడు" అంది జైతున్. "ఇన్నేండ్లు ఆగిన్న, రెండు నెలలు ఆగలేనా? బక్రీద్ అయినంకనే పోదాం. అప్పటికి కడుపు సుత బాగైతది. బాకీ రోజాలు సుత అయిపోతయి. ఓడల మస్తు తిండి వెడతరట గద, ఇప్పుడు పోతే ఏం తింట? గంజి తాగనీకి ఓడెక్కాల్నా?"

షాగుఫ్తా ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. నల్లా తిప్పిన చప్పుడైంది. గిన్నెలు తోముతోందనుకున్నాను.

చాంద్‌పాషా నా వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. "జైతూ, మరి..." అన్నాడు.

"మరేంది?"

ఆయన నోరు తెరిచే ఉంది. ఆ గదిలో అప్పుడు కావలసింది ఒక్క మాట. దానికోసం ఆయన వెతుక్కోనక్కర్లేదు, ఫిబ్రవరి నుంచీ ఆ మాట గొంతులోనే ఉంది. "ఏం లే" అని ముందు గదిలోకి పోయాడు. కాసేపటికి మిషన్ మొదలైంది. ఆదివారం పూట ఎవరి పరుపుకో అనుకుని నేను చెవులు మూసుకున్నాను. జూన్ ఓడకు టికెట్లు చేశాం.

ఆయన్ని ఊరికే తిట్టిపోయను. ఆయన అన్నకు కూడా ఇలాంటి రోగమే వచ్చింది. వాళ్లెవరో డాక్టర్లు ముఖం మీదే చెప్పారట. విన్న రోజే ఆ అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, తిండి మానేశాడు, నెల తిరక్కుండానే పోయాడు. "బీమారీ సంపదక్కా, మాట సంపుతది" అని చాంద్‌పాషా తర్వాత నాతో అన్నాడు. నమ్మి చేశాడు. ప్రేమ కొద్దీ చేశాడు. ప్రేమ కొద్దీ చేసినదానికి దెబ్బ తగలదని ఎవరన్నారు?

టికెట్లు చేతికొచ్చిన రోజు నుంచి జైతున్ నడక మొదలుపెట్టింది. గడప నుంచి స్టేషన్ రోడ్డు మలుపు దాకా అని నేనన్నాను కదా, దాన్ని పట్టుకుంది. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక గడప దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఉత్త కాళ్లతో మలుపు దాకా పోయి, అక్కడ మల్లెపూల బండి దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చేది. గల్లీ పిల్లలు "జైతునమ్మ శ్రీలంక పోతుంది" అని అరిచేవాళ్లు. ఆమె చెయ్యూపేది.

కొన్నాళ్లకు మలుపు మానేసి కిరాణా కొట్టు దాకా పోయి అక్కడ స్టూలు మీద కూర్చోసాగింది. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను. ఒక రోజు పంతానికి బాకీ రోజా పట్టింది. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. చాంద్‌పాషా నీళ్ల గ్లాసుతో కాళ్లావేళ్లా పడితే, "అల్సరే గద, ఒర్సుకుంట" అంది. ఆయన గ్లాసు పట్టుకుని ఏడ్చాడు. పెళ్లాం కడుపునొప్పికి ఇంత ఏడ్చే మొగాణ్ణి నేను చూడలేదనుకున్నాను. అంతే అనుకున్నాను!

మే నెల వచ్చేసరికి నడక మా గేటు దాకానే వచ్చేది. గేటు పట్టుకుని రొప్పేది. కళ్లు పచ్చబడితే కామెర్లన్నారు. నేను నమ్మి, పసరు మందు పోసే మనిషి ఎక్కడుంటాడో కాప్రా దాకా పోయి కనుక్కొచ్చాను. పైగా ఆమెను తిట్టాను. "గిట్ల బద్దకమైతే ఎట్లనే? అక్కడ ఓడ నీ మొగుని దుకాణం కాదు, లేటైతే ఇడిసిపెట్టి పోతది. నడువు, నడువు" అన్నాను. "నడుస్త లీలక్కా, రేపటి సంది నడుస్త" అంది. గేటు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని అట్లా అదిలించాను. నిజం ఒక్క ముక్క నా చెవిన వేసి ఉంటే, ఏప్రిల్‌లోనే ఆమెను భుజాన వేసుకుని ఆ ముందు ఓడ ఎక్కించేదాన్ని. బస్సు కుదుపులు, గిదుపులు అని ఒక్క మాట అనేదాన్ని కాదు.

మే ఆఖరి వారం. మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. జైతున్ తఖ్తా మీద కూర్చుని కొత్త రబ్బరు చెప్పులు వేసుకోవాలని చూస్తోంది. ఇసుకలో నడిచాక కడుక్కోవచ్చని షాగుఫ్తా చేత తెప్పించుకుంది. పాదాలు వాచి లోపలికి పోవడం లేదు. "చిన్నగ తెచ్చింది పిల్ల" అంటోంది. నేను ఒంగి తొడగబోతుంటే, భువనగిరి నుంచి వాళ్ల ఖాలా వచ్చింది. తల్లి చెల్లెలు, డెబ్బై దాటిన మనిషి. చేతిలో దానిమ్మ పండ్ల సంచి. సంచి కింద పెట్టి, జైతున్ రెండు చేతులూ పట్టుకుంది.

"కహాసునా మాఫ్ చెయ్యి బిడ్డా" అంది.

అన్నదీ విన్నదీ క్షమించమని. వాళ్లలో హజ్‌కి పోయేవాళ్లతో ఆ మాట అంటారు, పోయేవాళ్లూ అందరి దగ్గరికీ వెళ్లి అదే అడుగుతారు. మళ్లీ చూస్తామో చూడమో అని. ఉమ్రాకు పోయేటప్పుడు జైతున్ నా దగ్గరికి కూడా వచ్చి అడిగింది, నాకు బాగా గుర్తు. ఇంకొకళ్లతో కూడా అంటారు, అది నాకు ఆ రోజే తెలిసింది.

జైతున్ నవ్వింది. "నేను హజ్‌కు పోతలే ఖాలా! గీడికే, లంక దాంక పోయొస్త. ఎక్కువ దినాలు గాదు."

ముసలావిడకు ఓడ సంగతి తెలియదు, దాచిన సంగతీ తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, చాంద్‌పాషా జైతున్ తరఫు చుట్టాలకు ఫోన్ చేసి "డాక్టర్లు చేతులెత్తిండ్రు, వచ్చి చూసిపోండ్రి" అన్నాడని. చేతులు వదలకుండానే బావురుమంది. "డాక్టర్లు చేతులెత్తినంక ఏం ఓడ బిడ్డా... ఏం ఓడ..."

జైతున్ నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. చెప్పు ఆమె బొటనవేలికి వేలాడుతోంది. నేను ఒంగినదాన్ని ఒంగినట్టే ఉన్నాను. ఆమె ఖాలాను చూడలేదు, నన్ను చూసింది.

"లీలక్కా, నీకెరికెనా?"

"మా అమ్మ మీద ఒట్టు. నాకు తెల్వదే. నాకు అల్సర్ అనే చెప్పిండ్రు."

కాసేపు నా ముఖంలోకి చూసి, "అవ్, నీకు ఎరుకైతే చెప్తుంటివి. నీ నోట్ల నువ్వుగింజ నానదు గద" అంది. జీవితమంతా పడ్డ ఆ మాట నన్ను పొగిడినట్టు వినిపించింది మొదటిసారి. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఆయన్ని పిలువుండ్రి" అంది.

చాంద్‌పాషా మిషన్ ఆపి వచ్చాడు. ఖాలా ఏడుపు, నా ఏడుపు, పెళ్లాం ముఖం చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. తఖ్తా పక్కన కింద కూలబడ్డాడు.

"ఎప్పటి సంది ఎరుక?" అంది జైతున్.

"మొదటి సంది."

"నేను ఓడ ఏరుకునే దినం ఎరుకనా?"

ఆయన తల దించుకున్నాడు. "నీ దిల్ పగులుతదని జైతూ... అన్నకైనట్టు అయితదని..."

"ముందటి ఓడ పోయిందా?"

"పోయింది."

ఆమె కాలు విదిలించింది, చెప్పు కింద పడింది. గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. "తెలిసే నన్ను ఏరుకోమన్నవు. ఇసుక దగ్గర్నా, దూరమా అని పిచ్చిదాని లెక్క ఫొటోలు చూస్తుంటే చూసుకుంట నిలబడ్డవు. నాకు చెప్పుంటే, ఇసుకనే లేని ఓడైనా ఎక్కుతుంటి."

షాగుఫ్తా వంటింటి గుమ్మంలో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను లేచి అందరినీ తిట్టడం మొదలుపెట్టాను. కారు పిలవండి, బాపట్ల పోదాం, ఇప్పుడే పోదాం, వెనక సీట్లో పరుపు వేస్తాను, ఓడ లేకపోతే పీడాపోయె అని. షాగుఫ్తా డాక్టరుకు ఫోన్ చేసింది. కడుపులో నీరు చేరింది, కూర్చునే స్థితి కాదు, దారిలోనే పోతుంది అన్నాడాయన. నేను డాక్టర్నీ తిట్టాను. ఫిబ్రవరిలో ఆ మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేసుకున్నదానికి తిట్టాను.

"ఊకో లీలక్కా" అంది జైతున్. ఊరుకున్నాను.

ఆ తర్వాత చుట్టాలు, గిరాకీలు, గల్లీవాళ్లు అందరూ వచ్చారు. దాపరికం పోయింది కదా, కహాసునా మాఫ్ అని అందరూ అన్నారు. ఆమె అందరికీ మాఫ్ చెప్పింది. తక్కువ దూది తూచిన సేటుకు చెప్పింది. వెనకటికి గోడ తగాదా పెట్టుకున్న పక్కింటివాళ్లకు చెప్పింది. షాగుఫ్తా కాళ్ల మీద పడితే, "నువ్వు పిల్లవు బిడ్డా, మీ అబ్బా చెప్పిండు, నువ్వు ఇన్నవు. మాఫ్" అని తల నిమిరింది. నేను కూడా అడిగాను, గేటు దగ్గర అదిలించినందుకు. "నువ్వు తిట్టకుంటే నాకు తిన్నట్టే ఉండది" అంది.

చాంద్‌పాషా పగలంతా కాళ్ల దగ్గర కూర్చుని ఆ వాచిన పాదాలు పిసికేవాడు. దుకాణం మూసేశాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు. నీళ్లిస్తే తాగింది. కానీ ఆయన మాఫ్ అడిగిన ప్రతిసారీ కళ్లు మూసుకునేది.

ఒక పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు నేనే అన్నాను. నాకు ఆయన మీద ఎంత మంటగా ఉన్నా, ఆ ముఖం చూడలేకపోయాను. "ఆయనకు సుత ఒక్క మాట చెప్పరాదే. పానం కొట్టుకుంటుంది ఆయనకు."

జైతున్ నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు కళ్లు తెరవకుండానే అంది. "ఆయన నాతోని ఒక మాట దాచిండు గద లీలక్కా. నేను సుత ఒక మాట దాచుకుంట."

బక్రీద్ రెండు రోజులుందనగా పోయింది. ఆమె కుట్టిన పరుపు మీదే పోయింది. మగవాళ్లు తీసుకుపోయి మట్టి ఇచ్చి వచ్చారు. ఆడవాళ్లం ఇంట్లోనే ఉన్నాం. తఖ్తా కింద ఆ రబ్బరు చెప్పులు అట్లాగే ఉన్నాయి. షాగుఫ్తా వాటిని తీయలేదు, నేనూ తీయలేదు.

టికెట్లు రద్దు చేయాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఓడ బయలుదేరే రోజు ట్రావెల్ ఆఫీసు పిల్ల ఫోన్ చేసింది. "మేడం, మీ ప్యాసింజర్లు ఇంకా రిపోర్ట్ చేయలేదంట, ట్రాఫిక్‌ల ఉన్నరా?" అని. ఇంత బతుకూ బతికి, నోరు పెగలక ఫోన్ పెట్టేయడం నాకు అదే మొదలు.

జూలైలో నలభయ్యో రోజున చాలీస్వాఁ ఫాతిహా చేశారు. భోజనాలయ్యాక, సాయంత్రం, చాంద్‌పాషా ఒక గిన్నెలో ఖుబూలీ అన్నం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. పండగ మర్నాడు వచ్చినట్టే. ఈసారి తలలో దూది లేదు. దుకాణం ఇంకా తెరవలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట అడుగుత."

"అడుగుండ్రి."

"నేను లేనప్పుడు మీరు ఆమె పక్కన ఉంటిరి గద. మీతోనన్న అన్నదా? నాకు మాఫ్ చేసిన అని... ఎప్పుడన్న, ఒక్కపారన్న?"

ఆయన నా నోటివైపే చూస్తున్నాడు. ఏం కావాలో నాకు తెలుసు. "అన్నది భాయ్" అంటే చాలు. రెండు ముక్కలు. ఖర్చులేని మాట, పాపం లేని మాట, ఎవరికీ నష్టంలేని మాట. ఆ మాట పట్టుకుని ఆయన రాత్రి నిద్రపోతాడు, రేపు మిషన్ తిప్పుతాడు. దయ ఉన్న మనిషి ఎవరైనా అదే అంటారు. ఫిబ్రవరిలో ఆయన కూడా అట్లాగే, దయతోనే, పెళ్లానికి అల్సర్ అన్నాడు.

"లేదు భాయ్, అనలే" అన్నాను.

"ఏమన్న అన్నదా మరి?"

చెప్పాను. ఆమె ఎట్లా అన్నదో అట్లాగే, ఒక్క అక్షరం కలపకుండా, తీసేయకుండా చెప్పాను. చెబుతుంటే నా గొంతే నాకు కర్కశంగా వినిపించింది. ఏడ్చాను కూడా. కానీ చెప్పాను.

చాంద్‌పాషా తలూపాడు. కోప్పడలేదు. "సల్లారిపోతది, తినుండ్రి అక్కా" అని గిన్నె నా వైపు జరిపి లేచాడు. బయటికి పోయి మా గేటు పట్టుకుని నిలబడ్డాడు, జైతున్ నిలబడ్డట్టే. గేటుకు ఎదురుగానే వాళ్ల గడప. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గల్లీలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ కాస్త దూరం నడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.